మూడు వేళ్ల లోతులో గోధుమ మొలక

ఈ రోజు మాట గోధుమ మొలక గురించి. రేషను కొట్టులో గోధుమలు చూశారు. రొట్టె చేశారు, రవ్వ ఉప్మా చేశారు. కానీ గోధుమ చేను చూసినవాళ్లు మనలో తక్కువే. మన వైపు వరి ఎక్కువ, జొన్న ఎక్కువ. ఆదిలాబాద్, మెదక్ వైపు నల్లరేగడి నేలల్లో చలికాలంలో కొద్దిగా గోధుమ వేస్తారు. ఉత్తరాన పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో అదే పెద్ద పంట.

మరి గోధుమ సంగతి మనకెందుకు? ఒక కారణం ఉంది. విత్తనం ఎక్కడ వేసినా విత్తనమే. గోధుమ మొలక ఎలా లేస్తుందో తెలిస్తే, జొన్న మొలక సంగతీ, వరి మొలక సంగతీ సగం తెలిసినట్టే. విత్తనం కొనే డబ్బు ఇంటి డబ్బు. గొర్రు వెనక నడుస్తూ విత్తనం పోసేది చాలా ఊళ్లలో ఆడవాళ్లే. ఆ చేతికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

గింజ లోపల ఏముంది?

ఒక గోధుమ గింజను నానబెట్టి, నిలువుగా చీల్చి చూడండి. లోపల ఎక్కువ భాగం తెల్లటి పిండి. ఒక మూల చిన్న మొలక ముక్క. అది పసిబిడ్డ లాంటిది. పిండి దాని దారి బత్తెం. ఆకు పైకొచ్చి ఎండ తగిలేదాకా బిడ్డ ఆ బత్తెం మీదే బతకాలి.

కానీ పిండిని ఉన్నది ఉన్నట్టు మొలక తినలేదు. దాన్ని చక్కెరగా మార్చుకోవాలి. ఎవరు మారుస్తారు?

గింజకు నీరు తగలగానే ఆ బిడ్డ ఒక పదార్థం తయారుచేసి పంపుతుంది. దాని పేరు జిబ్బరెల్లిన్. అది పిండి చుట్టూ ఉన్న పలచని పొరకు చేరుతుంది. "ఆకలేస్తోంది, వండండి" అని కబురు చేసినట్టు. అప్పుడు ఆ పొర ఒక రసాన్ని ఊరిస్తుంది. ఆ రసం పిండిని కరిగించి చక్కెరగా మారుస్తుంది.

ఇది మీకు కొత్త కాదు. పిల్లలకు రాగి మాల్టు చేసేటప్పుడు రాగులు నానబోసి, మూటకట్టి, మొలకెత్తిస్తారు. మొలకెత్తిన రాగుల పిండి కొంచెం తియ్యగా ఉంటుంది. ఆ తీపి ఈ పని వల్లే వచ్చింది.

ఇలా మొక్కే తన ఒంట్లో తయారుచేసుకుని, ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు పంపే పదార్థాలను హార్మోన్లు అంటారు. ఇవి చాలా కొద్దిగా ఉంటాయి. పెద్ద పనులు చేయిస్తాయి.

కబురు మోసే ఐదుగురు

గోధుమ మొలకలో ముఖ్యంగా ఐదు హార్మోన్లను గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి, జిబ్బరెల్లిన్. గింజను మేల్కొలుపుతుంది. కాడను, ఆకును పొడుగు చేస్తుంది.

రెండు, ఆక్సిన్. మొలక కొనలో పుడుతుంది. మొలకను వెలుతురు వైపు వంచుతుంది. కొత్త వేర్లు పుట్టడానికి సాయపడుతుంది.

మూడు, సైటోకైనిన్. ఇది వేర్లలో ఎక్కువగా తయారవుతుంది. కొత్త కణాలు పుట్టేలా చేస్తుంది. ఆకును పచ్చగా ఉంచుతుంది.

నాలుగు, అబ్సిసిక్ ఆమ్లం. ఇది గింజను నిద్రపుచ్చుతుంది. వెన్నులో ఉన్న గింజ అక్కడే మొలకెత్తకుండా ఆపేది ఇదే. ఇది తక్కువగా ఉన్న రకాల్లో, కోతకొచ్చిన చేను వానకు తడిస్తే, గింజ వెన్నులోనే మొలకెత్తుతుంది. నీళ్లు లేక ఎండ కాసినప్పుడు, ఆకు మీది సన్నటి రంధ్రాలను మూయించేది కూడా ఇదే.

ఐదు, ఇథిలీన్. ఇది గాలి లాంటిది. పండిన పండు పక్కన పచ్చి కాయలు పెడితే త్వరగా పండుతాయి కదా, ఆ పని దీనిదే. మట్టి గట్టిగా ఉండి మొలకకు అడ్డం తగిలినప్పుడు, మొలకలో ఇది పెరుగుతుంది. అప్పుడు మొలక పొడుగు తగ్గి లావెక్కుతుంది.

ఈ ఐదూ ఒకదానితో ఒకటి సర్దుకుంటూ పనిచేస్తాయి. "నిద్రపో" అని ఒకటంటే, "లే" అని ఇంకొకటంటుంది. ఎవరి మాట గెలుస్తుందో నీరు, వెలుతురు, వేడి తేలుస్తాయి.

దీన్ని ఎలా కనిపెట్టారు?

ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ అనే శాస్త్రవేత్త, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి చిన్న గడ్డి మొలకల మీద పరీక్షలు చేశారు. ఒకవైపు నుంచే వెలుతురు వచ్చేలా పెడితే మొలకలు అటే వంగాయి. మొలక కొనకు చిన్న టోపీ తొడిగితే వంగలేదు. అంటే వెలుతురును కనిపెట్టేది కొన, వంగేది కింది భాగం. కొన నుంచి కిందికి ఏదో కబురు దిగుతోందన్నమాట. ఈ సంగతి వాళ్లు 1880లో పుస్తకంగా రాశారు. ఆ కబురు మోసేది ఆక్సిన్ అని తరవాత తేలింది.

జిబ్బరెల్లిన్ కథ వరి మడిలో మొదలైంది. జపాన్ రైతులు వరిలో ఒక తెగులు చూసేవారు. తెగులు సోకిన మొక్క పక్కవాటికన్నా పొడుగ్గా, బలహీనంగా పెరిగి పడిపోయేది. గింజ సరిగా పట్టేది కాదు. దానికి వాళ్లు పెట్టిన పేరుకు "తెలివితక్కువ మొలక" అని అర్థం. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త ఆ తెగులు తెచ్చే బూజు నుంచి తీసిన రసాన్ని మంచి మొక్కలకు ఇచ్చి చూశాడు. అవి కూడా అలాగే పొడుగు సాగాయి. ఆ రసంలో ఉన్నదే జిబ్బరెల్లిన్. తరవాత తెలిసిందేమంటే, అది మొక్కలు తమంతట తాము కూడా తయారుచేసుకుంటాయి.

వేడి ఏం చేస్తుంది?

ఇడ్లీ పిండి సంగతి మీకు తెలుసు. ఎండాకాలం రాత్రికి రాత్రే పొంగుతుంది. చలికాలం పొద్దెక్కినా పొంగదు. పాలు తోడుపెట్టడం కూడా అంతే. గోరువెచ్చగా ఉంటే పెరుగు తోడుకుంటుంది. చల్లగా ఉంటే ఆలస్యం. మరీ వేడిపాలలో తోడు వేస్తే తోడే చచ్చిపోతుంది.

గోధుమ మొలక కూడా ఇలాంటిదే. లోపల జరిగే ప్రతి పనికీ కొంత వెచ్చదనం కావాలి. గోధుమ మొలకెత్తడానికి 20 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత బాగుంటుంది. చలి ఎక్కువైతే మొలక వస్తుంది గానీ మెల్లగా వస్తుంది. వేడి 35 డిగ్రీలు దాటితే చాలా గింజలు మొలకెత్తడానికే ఇబ్బంది పడతాయి.

ఆకులు పుట్టడానికీ ఒక లెక్క ఉంది. గోధుమకు ఒక్కొక్క ఆకు రావడానికి మొత్తం సుమారు 100 డిగ్రీల వెచ్చదనం పోగుపడాలి. రోజు సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీలనుకోండి. ఐదు రోజులు కూడితే 100. అంటే ఐదు రోజులకో ఆకు. రోజు సగటు 10 డిగ్రీలే ఉంటే పది రోజులకో ఆకు. పొదుపు సంఘంలో రోజుకు ఇరవై కడితే నూరు ఎప్పటికవుతుంది, పది కడితే ఎప్పటికవుతుంది అన్నట్టే ఈ లెక్క.

అయితే వేడి ఎక్కువైతే పంట ఇంకా బాగుంటుందా? ఉండదు. వేడిలో మొక్క తొందరపడుతుంది. పిలకలు తక్కువ పెడుతుంది. ముందుగానే వెన్ను తీస్తుంది. వెన్ను చిన్నదవుతుంది. తొందరగా పెరిగినంత మాత్రాన బాగా పండినట్టు కాదు.

చలి దేశాల్లో వేసే కొన్ని గోధుమల తీరు ఇంకోరకం. మొలక దశలో కొన్ని వారాలు గట్టి చలి తగిలితేనే అవి వెన్ను తీస్తాయి. ఆ విత్తనం తెచ్చి మన దగ్గర వేస్తే, గడ్డి గుబురులా ఉండిపోతుంది. మన దేశంలో వేసే రకాలకు అంత చలి అక్కర్లేదు.

పొట్టి గోధుమ వచ్చిన కథ

వెనక మన దేశంలో గోధుమ మొక్క మనిషి ఛాతీ దాకా పెరిగేది. ఎరువు ఎక్కువ వేస్తే ఇంకా పొడుగు సాగేది. వెన్ను బరువెక్కగానే గాలికి పడిపోయేది. ఎరువు వేసీ నష్టమే.

జపాన్‌లో 1935లో నోరిన్-10 అనే పొట్టి గోధుమ రకం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక దాని విత్తనం అమెరికా చేరింది. అక్కడి నుంచి మెక్సికోలో పనిచేస్తున్న నార్మన్ బోర్లాగ్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చింది. ఆయన దానితో కలిపి పొట్టి రకాలు తీశాడు. అవి ఎరువు తింటాయి, పడిపోవు. మన శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్, ఆయన తోటివాళ్లు వాటిని మన నేలల్లో పరీక్షించారు. 1966లో మన దేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించింది. 1964-65లో దేశంలో గోధుమ పంట సుమారు 1 కోటి 20 లక్షల టన్నులు. 1967-68కి అది 1 కోటి 60 లక్షల టన్నులు దాటింది. 1970లో బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

ఆ మొక్క ఎందుకు పొట్టిగా ఉంది? ఆ సంగతి 1999లో బాగా తేలింది. మొక్క కణం లోపల పెరుగుదలను ఆపే ఒక గడియ ఉంటుంది. జిబ్బరెల్లిన్ వచ్చి ఆ గడియ తీస్తుంది. అప్పుడు కాడ పొడుగు సాగుతుంది. పొట్టి గోధుమలో ఆ గడియ బిగుసుకుపోయి ఉంటుంది. జిబ్బరెల్లిన్ ఉంటుంది. కబురు వస్తుంది. గడియ మాత్రం సరిగా తీసుకోదు. అందుకే మొక్క పొట్టిగానే ఉంటుంది.

పొట్టిగా ఉన్నా వెన్ను మాత్రం చిన్నది కాలేదు. కాడకు పోయే బలం గింజకు వచ్చింది. అదీ లాభం.

లాభంతో వచ్చిన చిక్కు

ఇప్పుడు అసలు మాట దగ్గరికి వచ్చాం.

గోధుమ మొలక మట్టిలోంచి లేచేటప్పుడు లేత ఆకు నేరుగా రాదు. దాని మీద ఒక తొడుగు ఉంటుంది. సన్నటి గొట్టంలా, కొన మొనదేలి ఉంటుంది. ఆ తొడుగే మట్టిని చీల్చుకుంటూ పైకి వస్తుంది. బయట వెలుతురు తగలగానే తొడుగు ఆగిపోతుంది. ఆకు దాన్ని చీల్చుకుని విప్పారుతుంది.

తొడుగు పొడుగు సాగాలన్నా జిబ్బరెల్లిన్ కబురు అందాలి. పొట్టి రకంలో గడియ బిగుసుకుంది కదా. అందుకని తొడుగూ పొట్టిదే అయింది. పాత పొడుగు రకాల్లో తొడుగు సుమారు 10 సెంటీమీటర్ల దాకా సాగేది. పొట్టి రకాల్లో సుమారు 6, 7 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

పైగా మట్టి వేడిగా ఉంటే తొడుగు ఇంకా పొట్టిదవుతుంది. చల్లటి మట్టిలో మెల్లగా సాగినా, పొడుగ్గా సాగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పాతకాలపు అలవాటు ప్రకారం తడి కోసం విత్తనాన్ని లోతుగా వేశారు. రకం పొట్టిది. మట్టి వేడిగా ఉంది. ఏమవుతుంది? తొడుగు మట్టిలోనే ఆగిపోతుంది. ఆకు మట్టి లోపలే బయటికి వస్తుంది. మెత్తటి ఆకు మట్టిని చీల్చలేదు. మడతలు పడి, పసుపెక్కి, అక్కడే చచ్చిపోతుంది. పైన చూసేవాళ్లు "విత్తనం మంచిది కాదు" అనుకుంటారు. విత్తనం మంచిదే. లోతు తప్పింది.

కొత్త రకాలు వచ్చినప్పుడు మన దేశంలో ఈ సంగతి గమనించారు. పొట్టి గోధుమను 5 సెంటీమీటర్ల లోతులోనే వేయమని రైతులకు చెప్పారు. 5 సెంటీమీటర్లు అంటే ఎంత? మీ చేతి మూడు వేళ్లు పక్కపక్కన పెట్టండి. ఆ వెడల్పు సుమారు అంతే. స్కేలు అక్కర్లేదు, చేయి చాలు.

ఇంకో మాట కూడా చెప్పారు. విత్తిన 21 రోజులకు మొదటి తడి ఇవ్వాలని. ఎందుకంటే సుమారు అప్పుడే మొక్క మొదలు దగ్గర కొత్త వేర్లు పుడతాయి. పిలకలు మొదలవుతాయి. ఆ వేర్లు పుట్టడానికి ఆక్సిన్ కావాలి, పిలక లేవడానికి సైటోకైనిన్ కావాలి, రెండింటికీ నీరు కావాలి. ఆ ఒక్క తడి తప్పితే తరవాత ఎన్ని తడులిచ్చినా ఆ లోటు పూర్తిగా తీరదు.

ఎండలు ముదురుతున్నాయి

గోధుమ విత్తే కాలం చలి మొదలయ్యే కాలం, అంటే నవంబరు. అక్టోబరు వేడిలో వేస్తే తొడుగు పొట్టిదై, పిలకలు తగ్గుతాయి. డిసెంబరు చివర వేస్తే చలికి మొలక ఆలస్యం. గింజ పాలు పోసుకునే వేళకు ఎండలు వచ్చిపడతాయి. గింజ నొక్కుకుపోతుంది.

2022 మార్చిలో ఉత్తరాది అంతా ఇదే జరిగింది. మన దేశంలో 1901 నుంచి లెక్కలు రాస్తున్నారు. అంత వేడి మార్చి అప్పటిదాకా లేదు. గింజ గట్టిపడే వేళ ఎండ కాచి, గోధుమ దిగుబడి తగ్గింది. ఆ ఏడు మే 13న ప్రభుత్వం గోధుమను బయటి దేశాలకు పంపడం ఆపేసింది. చేలో మొక్కకు తగిలిన వేడి చివరికి మన రొట్టె ధరకు తగులుతుంది.

అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు వేరే దారి వెతుకుతున్నారు. కాడ పొట్టిగానే ఉండాలి, మొలక తొడుగు మాత్రం పొడుగ్గా ఉండాలి. అలాంటి గుణం ఉన్న గోధుమలు ఉన్నాయి. వాటితో కొత్త రకాలు తీస్తున్నారు. అవి లోతులో ఉన్న తడిని అందుకోగలవు.

సీసా మీద ఏముందో చదవండి

ఇప్పుడు కొట్లలో రకరకాల సీసాలు అమ్ముతున్నారు. "పెరుగుదల మందు", "టానిక్" అంటారు. కొన్నిటిలో హార్మోన్లు ఉంటాయి. ద్రాక్ష తోటల్లో గుత్తి పెద్దది కావడానికి జిబ్బరెల్లిన్ వాడతారు, అది నిజమే. కానీ ద్రాక్షకు మంచిదని గోధుమకు మంచిది కాదు. పొట్టి గోధుమ ఆ కబురు సరిగా వినదని చెప్పుకున్నాం. పొడుగు రకానికి చల్లితే ఇంకా పొడుగు సాగి పడిపోతుంది. యూరప్ దేశాల్లో కొందరు రైతులు జిబ్బరెల్లిన్ పనిని ఆపే మందునే గోధుమకు చల్లుతారు, మొక్క పడిపోకూడదని.

కాబట్టి సీసా కొనేముందు చదవండి. లోపల ఏముంది? ఏ పంటకు? ఎంత మోతాదు? ఏ తేదీ లోపల వాడాలి? మందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటే చూడండి. ఎర్ర గుర్తు ఉంటే అది అన్నిటికన్నా ఎక్కువ విషం. చదువు నేర్చుకున్నది ఇందుకే. కొట్టువాడు చెప్పిన మాట ఒకటి, సీసా మీద రాసిన మాట ఒకటి అయితే, రాసిన మాటే నమ్మండి.

విత్తన సంచి మీద చీటీ కూడా చదవండి. ధ్రువీకరించిన గోధుమ విత్తనం 100 గింజల్లో కనీసం 85 మొలకెత్తాలి. ఆ అంకె చీటీ మీద ఉంటుంది.

ఇంట్లో చేసి చూడండి

మొదటి పని. పురుగు పట్టని 100 గింజలు లెక్కపెట్టండి. తడి గోనెసంచి మీద వరసగా పేర్చి, చుట్ట చుట్టి, నీడన పెట్టండి. రోజూ తడి చల్లండి. వారం తరవాత మొలకలు లెక్కపెట్టండి. 85 కన్నా ఎక్కువ వచ్చాయా, తక్కువ వచ్చాయా? ఏ విత్తనానికైనా, విత్తే ముందు ఇలా చూసుకోవచ్చు.

రెండో పని. ఒక పాత డబ్బాలో మట్టి నింపండి. ఒకవైపు పది గింజలు మూడు వేళ్ల లోతులో వేయండి. ఇంకోవైపు పది గింజలు ఆరు వేళ్ల లోతులో వేయండి. ఏవి ముందు లేచాయి? ఎన్ని లేచాయి? పలక మీద రాసుకోండి.

మూడో పని. కొబ్బరి చిప్పలో మట్టి పోసి పది గింజలు వేయండి. మొలక తొడుగు చిటికెన వేలి గోరంత లేవగానే, ఐదింటి కొనలకు వెండి కాగితంతో చిన్న టోపీలు తొడగండి. చిప్పను కిటికీ దగ్గర పెట్టండి. ఏవి వెలుతురు వైపు వంగాయి? ఏవి వంగలేదు? డార్విన్ చేసిన పరీక్ష కూడా ఇలాంటిదే. మీ గుమ్మంలో మీరూ చేశారు.

గుర్తుంచుకోండి

మొలక పెరుగుదలను నడిపేది లోపలి హార్మోన్లు, బయటి వేడి, రెండూ కలిసి.

పొట్టి గోధుమకు లోతు మూడు వేళ్లు.

విత్తేది నవంబరు చలి మొదలయ్యాక.

మొదటి తడి 21వ రోజున.

సీసా అయినా, సంచి అయినా, చదివాకే డబ్బు ఇవ్వాలి.

అక్కలారా, చెల్లెళ్లారా! గింజకు కావలసిన తెలివి గింజలోనే ఉంది. దానికి సరైన లోతు, సరైన కాలం, ఒక తడి ఇవ్వడం మన పని. రేపు మీ ఊళ్లో ఏ విత్తనం విత్తినా, ముందు వంద గింజలు లెక్కపెట్టండి. తరవాత మట్టిలో వేళ్లు పెట్టి లోతు చూడండి. పక్కింటి వాళ్లకూ చూపించండి.